దజీజ్ సంజీవమ్మ, సోలార్ సూపర్‌వైజర్

కువైట్‌లో దజీజ్ గోడౌన్ల మధ్య ఎవరినైనా ఆపి "సంజీవమ్మ ఎక్కడుంటుంది?" అని అడిగి చూడండి, నోరు తెరిచి మిమ్మల్నే చూస్తారు. "సూపర్‌వైజర్ అక్క" అనండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆవిడ ముందు నిలబెడతారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ నీలం చొక్కా జేబు మీద ఒక బ్యాడ్జీ ఉంటుంది. పైన అరబ్బీలో, కింద ఇంగ్లీషులో పేరూ హోదా రాసుంటాయి. ఆ రెండిట్లో ఒక్క అక్షరం కూడా ఆవిడకు రాదు. అయినా బ్యాడ్జీ వెంట్రుకవాసి పక్కకు ఒరిగిందంటే చాలు, ఆవిడ చెయ్యి దానంతటదే పైకి లేచి సర్దేస్తుంది. శుక్రవారం సెలవు రోజున కూడా పెట్టుకు తిరుగుతుందని గిట్టనివాళ్ళు అంటారు. అబద్ధం. శుక్రవారం మధ్యాహ్నం దాకానే పెట్టుకుంటుంది.

ఆవిడది అన్నమయ్య జిల్లా, పుల్లంపేట పక్కన చిన్న పల్లె. కువైట్‌కి వచ్చింది ఎగైలాలో ఉమ్ ఫహద్ ఇంట్లో పనిమనిషిగా. వచ్చేనాటికి ఆ ఇంటి పెద్దకొడుకు ఫహద్‌కి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు ఫహద్ గడ్డం పెంచి, పెళ్ళి చేసుకుని, వేరే కాపురం పెట్టాడు. ఆ నడుమ ఏళ్ళన్నీ సంజీవమ్మకు ఆ ఇంటి వంటగదిలోనే గడిచాయి. ఉమ్ ఫహద్‌ను ఆవిడ 'మామా' అంటుంది, ఇక్కడ ఇంటి యజమానురాళ్ళను అందరూ అలాగే అంటారు. మామా మంచిదే. కేకలేస్తుంది, కాసేపటికి మర్చిపోతుంది. జ్వరమొస్తే తనే మాత్రలు తెచ్చి గదిలో పెడుతుంది. అయితే ఎంత మంచి ఇల్లయినా పనిమనిషికి గంట మోగితే లేవాల్సిందే, మోగకపోతే ఎప్పుడు మోగుతుందా అని చూడాల్సిందే.

మామా స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక అద్దాలు తుడిచే చిన్న కంపెనీ ఒకటి పెట్టింది. విల్లాల కిటికీలు, దుకాణాల గాజు తలుపులు, హాళ్ళలో వేలాడే దీపాల గుత్తులు, ఇలాంటివి తుడిచే పని. దజీజ్‌లో ఒక గోడౌను, ఒక వ్యాను, నలుగురైదుగురు మనుషులు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటి వీసా మీద ఉన్నవాళ్ళు కంపెనీ వీసాకి మారొచ్చని ప్రభుత్వం కొన్నాళ్ళు తలుపు తెరిచింది. మామా సంజీవమ్మ పేరు సూపర్‌వైజర్‌గా ఇచ్చేసింది. "నా ఇంటి అద్దాలను నీ అంత బాగా తుడిచినవాళ్ళు లేరు. పద, ఊరి అద్దాలు తుడుద్దాం" అంది.

కొత్త ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి కార్డు, చేతికొచ్చిన రోజు సంజీవమ్మ చేసిన హడావుడి దజీజ్‌లో ఇంకా చెప్పుకుంటారు. ఫర్వానియాలో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి గది తీసుకుంది. ఆ గదికి ఒక తాళంచెవి. బతుకులో మొదటిసారి తన తలుపుకు తన తాళంచెవి! మొదటి వారమంతా ఏ కారణమూ లేకుండా బయటికి రావడం, తాళం వేయడం, తీయడం, మళ్ళీ లోపలికి పోవడం. గదిలో ఉన్న ఆడవాళ్ళు "ఏంది మే, తాళానికి తిక్క పట్టిందా, నీకు పట్టిందా?" అని తిట్టేదాకా ఆపలేదు.

అంత మురిపెమూ ఎక్కువ కాలం నిలిచేలా కనపడలేదు. పెద్ద పెద్ద కంపెనీలు వచ్చి బిల్డింగులకు బిల్డింగులే కాంట్రాక్టు పట్టేశాయి. విల్లాల వాళ్ళు తమ పనివాళ్ళ చేతే తుడిపించుకోసాగారు. గోడౌన్లో బకెట్లు ఒకదానిలో ఒకటి దూరి నిద్రపోయాయి. ఒక ఉదయం మామా వచ్చి ఖాళీ వ్యాను వైపు చూసి, కుర్చీలో కూలబడింది.

"ఖలాస్, సంజీవా," అంది అరబ్బీలో. "రంజాను వెళ్ళాక మూసేద్దాం. మిగతావాళ్ళకి వేరే చోట పని చూస్తాను. నీకేం దిగులు లేదు. నీ గది అలాగే ఉంచాను, పరుపు కూడా కొత్తది వేయించాను. ఇంటికొచ్చేయ్."

ఎంత ప్రేమగా చెప్పిందంటే, సంజీవమ్మకు కోపం తెచ్చుకునే అవకాశం కూడా లేకుండా పోయింది. "సరే మామా" అని తలూపి, గోడౌను వెనక్కి పోయి, తిరగేసిన బకెట్ మీద కూర్చుని బావురుమంది. ఆ వంటగది పాడుగాను! మళ్ళీ ఆ గంట, మళ్ళీ ఆ స్టవ్వు, మళ్ళీ ఎవరైనా పిలిస్తేనే బయటికి రావడం. తను పోదు. చచ్చినా పోదు. కంపెనీ నిలబడాలి, అంతే. ఎలా నిలబడాలో మాత్రం ఆవిడకు తెలియదు.

అది తెలిసిన మనిషి మిర్కాబ్‌లో దొరికింది. అక్కడ చిన్న కంపెనీలకు కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు నేర్పించి, కొత్తగా పుట్టుకొస్తున్న వ్యాపారాల్లోకి దింపే ఆఫీసు ఒకటి ఉందని మామా చెల్లెలు చెప్పింది. మామాకి నమ్మకం లేదు. సంజీవమ్మే రోజూ పోరు పెట్టి బయల్దేరదీసింది. లిఫ్టులో పైకి వెళ్ళి చూస్తే, బల్ల వెనకాల కూర్చున్న పిల్ల "నమస్కారమండీ, మీరు తెలుగువాళ్ళా?" అంది. సంజీవమ్మకు అక్కడికక్కడే కంపెనీ సగం నిలబడిపోయింది.

ఆ అమ్మాయి పేరు వసుమతి. విజయవాడ పిల్ల, ఇంజినీరింగ్ చదివింది, మొగుడు ఆయిల్ కంపెనీలో పని చేస్తాడు. మాట్లాడితే చేతులు ఆగవు. కూర్చుని మొదలుపెట్టిన మాట నిలబడి ముగిస్తుంది. ఉత్సాహం వస్తే అరబ్బీ, ఇంగ్లీషు, తెలుగు మూడూ ఒకే వాక్యంలో కలిపేస్తుంది. మామా మొదటి రోజే "ఈ పిల్ల కాఫీ ఎక్కువ తాగుతుంది" అని తేల్చేసింది.

వసుమతి మొదటి ఆలోచన నీళ్ళపాలైంది. ఫోన్లో ఒక యాప్ పెట్టించింది. అద్దాలు తుడిపించుకోవాలనుకునేవాళ్ళు అందులో రోజూ, టైమూ ఎంచుకోవాలి. ఒక్కరూ ఎంచుకోలేదు. ఎగైలా ఆడవాళ్ళకు వాయిస్ మెసేజ్ అలవాటు. ముందు కుశలప్రశ్నలు, తర్వాత కోడలి మీద ఫిర్యాదు, ఆ తర్వాత దేవుడి దీవెనలు, అన్నిటికీ చివర ఎక్కడో "రేపు కిటికీలకి రా". అంత సంగతి యాప్‌లో ఎక్కడ పడుతుంది? వసుమతి బుర్ర గోక్కుని, యాప్ తీసేసి, ఆ మెసేజ్‌లన్నీ ఒకే నంబరుకు వచ్చేలా ఏర్పాటు చేసి ఊరుకుంది. పని కాస్త కుదుటపడింది కానీ కంపెనీ నిలబడేంత కాదు.

రెండో ఆలోచన చెప్పడానికి ఆ పిల్ల దజీజ్‌కే వచ్చింది. తెల్ల బూట్లతో. గోడౌను ముందు దుమ్ములో అడుగుపెట్టిన క్షణానికి అవి మట్టిరంగు బూట్లయ్యాయి.

"చూశారా!" అంది, బూట్లు చూపిస్తూ, పట్టరాని సంతోషంతో. "ఇదే మన వ్యాపారం. దుమ్ము!"

మామా, సంజీవమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈ దేశంలో దుమ్ముకు కొరత ఉందా అండీ? లేదు. ఎండకు? అస్సలు లేదు. ఎండ ఉందని జమియా దుకాణాల మీదా, స్కూళ్ళ మీదా సోలార్ ప్యానెళ్ళు పెడుతున్నారు. దుమ్ము ఉందని అవి కళ్ళు మూసుకుపోతున్నాయి. మీద మట్టి పేరుకుంటే కరెంటు రాదు కదా. నీళ్ళు పోసి కడుగుదామంటే నీళ్ళు దండగ, మరకలు కూడా పడతాయి. ఇప్పుడు నీళ్ళు లేకుండా తుడిచే యంత్రాలు వచ్చాయి. మీకు అద్దం తుడవడం వచ్చు, కప్పులెక్కడం వచ్చు, మనుషులున్నారు. సోలార్ ప్యానెల్ అంటే ఆకాశం వైపు పడుకోబెట్టిన కిటికీయే!"

కిటికీ అన్న మాట సంజీవమ్మకు నచ్చింది. "పడుకోబెట్టిన కిటికీ!" అని ఆ రోజంతా తనలో తను అనుకుంటూ నవ్వుకుంది.

యంత్రాన్ని అమ్మే కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళు వాడి చూడమని ఒకటి ఇచ్చారు. దాన్ని తెచ్చినవాడు నవీద్, లాహోర్ వాడు, నెమ్మదైన మనిషి. పెట్టె విప్పి బయటికి తీశాడు. పీట అంత ఉంది. కింద రెండు రబ్బరు పట్టీలు, ముందు గుండ్రటి బ్రష్షు, దాని పైన రెండు చిన్న గాజు కళ్ళు. మీట నొక్కగానే 'టుయ్' అని కూత పెట్టి, గోడౌన్లో నేల మీద అటూ ఇటూ తిరిగింది.

"ఒరే నాయనా! బుజ్జోడు ఎట్లా పోతాండాడో చూడండ్రా!" అని సంజీవమ్మ చప్పట్లు కొట్టింది. అంతే, దానికి బుజ్జోడు అన్న పేరు ఖాయమైపోయింది. మామా కూడా తన అరబ్బీ నోటితో "బుజ్జూదూ" అని పిలవసాగింది.

పాత గాజు తలుపులు నాలుగు నేలమీద పరిచి, వాటి మీద సాధన మొదలైంది. బుజ్జోడిని ఫోన్లోంచి నడపాలి. సంజీవమ్మ బొటనవేలు వంటింట్లో వెల్లుల్లి ఒలిచి రాటుతేలిన బొటనవేలు. మొదట్లో దాన్ని మీట మీద పెట్టగానే బుజ్జోడు గుక్క తిప్పుకోకుండా పరుగెత్తి గురప్ప కాలి మీదికెక్కాడు. గురప్ప అంటే వ్యాను తోలే మనిషి, రాజంపేట వైపు వాడు, ప్రతిదానికీ జాగ్రత్తలు చెప్తుంటాడు.

"అక్కా, మెల్లగా! అదేమన్నా ఎద్దా, ములుకర్రతో పొడుస్తాండావు!"

"నువ్వు పక్కకు నిలబడప్పా! దారిలో నిలబడి నన్నంటావేంది?"

రోజులు గడిచేకొద్దీ చెయ్యి తిరిగింది. ఆ చివర నుంచి ఈ చివరకి గీత గీసినట్టు నడిపించేది. గాజు అంచు రాగానే బుజ్జోడు తనంతట తనే ఆగి, వెనక్కి తిరిగి, పక్క వరస పట్టుకునేవాడు. అది చూసినప్పుడల్లా సంజీవమ్మ మురిసిపోయేది. ఇంట్లో ఎంతమందినో పెంచింది, ఇంత బాగా మాట విన్నవాణ్ణి చూడలేదు.

"వాడికి అంచు ఎట్లా తెలుస్తాదమ్మా?" అని అడిగింది ఒకసారి.

"ఈ రెండు కళ్ళతోనే చూస్తుంది సంజీవమ్మగారూ," అంది వసుమతి. "వీటిని మాత్రం ప్రాణంలా చూసుకోవాలి. మిగతా ఏది పాడైనా బాగుచేయొచ్చు."

సంజీవమ్మ ఆ మాట మనసులో గట్టిగా పెట్టుకుంది. అంత గట్టిగా పెట్టుకోకపోయినా బాగుండేది.

ఎగైలా దగ్గర ఒక జమియా ఉంది. పేట మొత్తానికి సరుకులు అమ్మే సొసైటీ దుకాణం. దాని కప్పు నిండా సోలార్ ప్యానెళ్ళే. అక్కడి ముదీర్, అంటే పెద్ద అధికారి, అబూ తలాల్ అనే ఆయన, యంత్రం పని చేసి చూపిస్తే ఈ వేసవికి పని ఇస్తానన్నాడు. వసుమతి ఆయన చుట్టూ తిరిగి తిరిగి సంపాదించిన మాట అది. మామా కూడా తన మాట చెప్పేసింది. ఇది దొరికితే కంపెనీ నడుపుతుంది. దొరక్కపోతే ఈ నెలాఖరుకే మూత, సంజీవమ్మ ఇంటికి.

ఆ రోజు పొద్దున్నే బుజ్జోడిని వ్యాన్లోకి ఎక్కించబోతుంటే గురప్ప అడ్డం పడ్డాడు.

"కొత్త బండి మొదటిసారి బయటికి పోతాంది. పూజ చేయకుండా ఎట్లా పోతాదక్కా?"

సంజీవమ్మ నాలుక కరుచుకుంది. నిజమే కదా! ఊళ్ళో ట్రాక్టరు కొన్నా, మోటారుసైకిలు కొన్నా, ఆఖరికి పిండిమర కొన్నా బొట్టు పెట్టకుండా కదిలిస్తారా? ఇంత పెద్ద పరీక్షకు పోతూ దిష్టి తీయకపోతే ఇంకేమన్నా ఉందా! చకచకా చున్నీ బిగించింది. గురప్ప టెంకాయ కొట్టాడు. రబ్బరు పట్టీల కింద రెండు నిమ్మకాయలు పెట్టి, బుజ్జోడి చేత తొక్కించారు. కర్పూరం వెలిగిస్తే గోడౌన్ అలారం మోగుతుందని అగరువత్తితో సరిపెట్టారు. ఇక బొట్టు. ట్రాక్టరుకైతే హెడ్‌లైట్ల మీద పెడతారు. బుజ్జోడికి హెడ్‌లైట్లేవి? ఈ రెండు కళ్ళేగా! ప్రాణంలా చూసుకోవాలని వసుమతమ్మ మరీ మరీ చెప్పిన కళ్ళు. ప్రాణమున్న చోటే కదా బొట్టు పెట్టాలి. పసుపు తడిపి ఆ కంటికొకటి, ఈ కంటికొకటి, నడిమధ్యన కుంకుమ. "నా తండ్రే, నా పరువు నీ చేతిలో ఉండాది" అని దణ్ణం పెట్టింది.

ఇంతలో బయట మామా కారు హారన్ మోగింది. మామా ఏమంటుందోనని ఇద్దరూ హడలిపోయారు. గురప్ప టెంకాయ చిప్పలు బకెట్లో దాచాడు. సంజీవమ్మ చున్నీ కొసతో బుజ్జోడి మొహం గబగబా తుడిచేసి, వ్యాన్లోకి తోసింది. పైపైన చూస్తే ఏమీ కనిపించడం లేదు. అగరువత్తి వాసన మాత్రం వ్యాను నిండా.

జమియా కప్పు మీద ఎండ చురుక్కుమంటోంది. ముందు రోజు వీచిన దుమ్ముగాలికి ప్యానెళ్ళన్నీ గోధుమరంగు దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. అబూ తలాల్ కాళ్ళదాకా జారే తెల్లటి దిష్‌దాషాలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పక్కన మామా. వసుమతి అరబ్బీలో యంత్రం గొప్పలన్నీ చెప్పుకుపోతోంది. నవీద్ బుజ్జోడిని మొదటి ప్యానెల్ మీద పెట్టాడు. సంజీవమ్మ బ్యాడ్జీ సర్దుకుంది. బొటనవేలు మీట మీద పెట్టింది.

'టుయ్' అన్నాడు బుజ్జోడు. జానెడు దూరం పోయాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ జానెడు పోయాడు, ఆగాడు, వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టాడు. ప్యానెల్ మధ్యలో పళ్ళెమంత గుండ్రటి మరక తప్ప ఏమీ శుభ్రపడలేదు.

"ఎండకి వేడెక్కిందేమో" అంది వసుమతి.

"ఎండలో తిరగడానికే చేశారు మేడమ్," అన్నాడు నవీద్ ఉర్దూలో, నొచ్చుకుని. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే నాట్యం. "యంత్రంలో తప్పేమీ లేదు. మీ ఫోన్లో ఏదో మార్చారు."

"నేనేమీ మార్చలేదు!"

"నిన్నటిదాకా బాగానే ఉందిగా. మీ యంత్రమే చెడిపోయింది" అంది మామా నవీద్‌తో. నవీద్ వసుమతిని చూశాడు, వసుమతి ఫోన్ని చూసింది. అబూ తలాల్ వీళ్ళ ముగ్గురినీ చూసి, తల అడ్డంగా ఆడించి, మెట్లవైపు తిరిగాడు.

మామా మెల్లగా సంజీవమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే. ఇంటికి పోదాం పద."

ఇంటికి! సంజీవమ్మ ఫోను జేబులో పెట్టేసింది. బుజ్జోడిని ఎత్తుకుందామని వంగింది. అప్పుడు కనిపించింది, దగ్గరగా, ఎండలో. రెండు గాజు కళ్ళ మీదా సన్నటి పసుపు పొర. ఎండి, గట్టిపడి, కంటికి కాటుక బదులు పసుపు పూసినట్టు. బుజ్జోడికి ఎటు చూసినా అంచే కనిపిస్తోంది! పాపం పిల్లోడు, గోతిలో పడతానేమోనని వెనక్కి వెనక్కి వస్తున్నాడు.

చేసింది తనే. ఎవరికీ తెలియదు. చున్నీతో మళ్ళీ తుడిచేసి నోరు మూసుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు కూడా. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు మొదట నేర్చుకునే విద్య అదే. గాజు గ్లాసు పగిలిందా, ఎవరు పగలగొట్టారని మామా అడిగిందా, "నాకు తెలీదు మామా". పక్కమనిషి పేరూ చెప్పకూడదు, మనమూ ఒప్పుకోకూడదు. గ్లాసు తనంతట తనే పగిలింది. సంజీవమ్మ ఆ ఇంట్లో ఎన్ని గ్లాసులను అలా సాగనంపిందో ఆవిడకే తెలియదు. ఇప్పుడు చెప్తే తప్పు తన నెత్తిన పడుతుంది. యంత్రాన్ని ముట్టుకోనిచ్చినందుకు మామాకు తలవంపులు. ఇంకెవరిస్తారు తనకు సూపర్‌వైజర్ పని? కానీ చెప్పకపోతే ఆ తెల్ల దిష్‌దాషా మెట్లు దిగి వెళ్ళిపోతుంది. దానితోపాటు కంపెనీ. పనిమనిషైతే ఊరుకోవచ్చు. సూపర్‌వైజర్ ఎట్లా ఊరుకుంటుంది?

"అనా!" అని అరిచింది. నేను అని. గట్టిగా. జమియా కప్పు మీది పావురాలు లేచిపోయాయి. "ముదీర్! ఆగండి! నేను చేశాను. నేనే!"

అబూ తలాల్ మొదటి మెట్టు మీద ఆగిపోయాడు.

వచ్చిన అరబ్బీ అంతా కలిపి చెప్పేసింది. తమ ఊళ్ళో కొత్త బండికి పూజ చేస్తారని, చెడ్డ కన్ను పడకుండా పసుపు కుంకుమ పెడతారని, పొద్దున తనే పెట్టిందని, మామాకి భయపడి తుడిచేసిందని, తుడిచింది సరిగ్గా తుడవలేదని. చెప్తూ చెప్తూనే బ్యాడ్జీ విప్పబోయింది. పిన్ను ఇరుక్కుని అది ఊడి రాలేదు.

అబూ తలాల్ వెనక్కి నడిచి వచ్చి, వంగి, బుజ్జోడి మొహంలోకి చూశాడు.

"దీనికి చెడ్డ కన్ను తగలకూడదని," అన్నాడు నింపాదిగా, "దీని కళ్ళే మూసేశావా?"

"ఔను ముదీర్."

ఆయన భుజాలు కదిలాయి. మొదట ఏడుస్తున్నాడేమో అనుకుంది సంజీవమ్మ. తర్వాత ఆయన నవ్వు కప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించింది. "నేను కొత్త కారు కొంటే మా ఆవిడ దాని చుట్టూ బుఖూర్ సాంబ్రాణి పొగ వేసింది. నిప్పు పడి సీట్లో బొక్క పడింది. ఇప్పటికీ నేనే పడేశానంటుంది!" మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ లాభం లేకపోయింది, నవ్వు వేళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చేసింది. వసుమతి ఏకంగా కింద కూర్చుండిపోయింది. "మీకు ప్రాణమని చెప్పింది నేనే కదండీ!" అని, కళ్ళు తుడుచుకుంటూ. నవీద్ మాత్రం నవ్వకుండా జేబులోంచి మెత్తటి గుడ్డ, చిన్న సీసా తీసి, రెండు కళ్ళూ జాగ్రత్తగా శుభ్రం చేశాడు. ఆ తర్వాత బుజ్జోడిని తిప్పి, వెనకవైపు పెన్నుతో చిన్న సున్నా చుట్టి, పిన్నిని పిలిచినట్టు, "ఖాలా, ఇకమీదట బొట్టు ఇక్కడ పెట్టండి" అన్నాడు. అని, అప్పుడు నవ్వాడు.

"యల్లా," అన్నాడు అబూ తలాల్. "నడుపు. చూద్దాం."

సంజీవమ్మ బొటనవేలు పెట్టింది. 'టుయ్'. బుజ్జోడు కదిలాడు. జానెడు దాటాడు. రెండు జానెళ్ళు దాటాడు. వాడి వెనకాల దుమ్ము కింది నుంచి నల్లటి నీలం బయటపడింది, నిగనిగలాడుతూ, చీరంచు పరిచినట్టు. అంచు దాకా పోయి ఆగి, తిరిగి, పక్క వరస పట్టాడు. ఒక్క గీత కూడా వంకర లేదు. "పో నా తండ్రీ! పో బంగారూ! అద్దీ!" అని సంజీవమ్మ ప్యానెళ్ళ పక్కన వాడితో సమానంగా పరుగెత్తసాగింది. అప్పటిదాకా మెట్ల దగ్గర నక్కి నిలబడ్డ గురప్ప రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. జమియాకు సరుకులకొచ్చినవాళ్ళు కింద కారు పార్కింగులో ఆగి తలలు పైకెత్తారు.

వరస పూర్తయ్యాక అబూ తలాల్ ప్యానెల్ మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు.

"ఇంతకు ముందు కూడా కంపెనీలవాళ్ళు వచ్చారు," అన్నాడు మామాతో. "ఏదైనా చెడితే యంత్రం అంటారు, ఎండ అంటారు, ఫోన్ అంటారు. 'నేను' అనేవాళ్ళు నాకు ఇప్పటిదాకా దొరకలేదు. వేసవి మొత్తం ఈ కప్పు మీకు ఇస్తాను. కానీ ఒక షరతు. ఈమే పైన ఉండాలి. ఏది జరిగినా నేను ఈమెనే అడుగుతాను."

వసుమతి సంజీవమ్మను కావలించుకుని గుండ్రంగా తిప్పేసింది. సంజీవమ్మకు నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి. వంటగది లేదు! గంట లేదు! చొక్కా మీద బ్యాడ్జీ, చేతిలో ఫోను, కాళ్ళ కింద ఇంత పెద్ద కప్పు! గట్టిగా అరవాలనిపించింది. అరిచింది కూడా. పావురాలు అప్పుడే వచ్చి వాలాయి, పాపం, మళ్ళీ లేచిపోయాయి.

జమియా ఆఫీసులో పనిచేసే పెద్దాయన చాయ్ తెచ్చాడు. ట్రే మీద ఫ్లాస్కు, చిన్న గాజు గ్లాసులు, చక్కెర. నీడలో ఉన్న పిట్టగోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ట్రే కనపడగానే సంజీవమ్మ కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి. ఫోను చంకలో పెట్టుకుని ఫ్లాస్కు అందుకోబోయింది. ఎవరికి ఎంత చక్కెరో అప్పుడే కళ్ళతో అంచనా వేసేస్తోంది.

"ఏయ్, మస్ఊలా!" అని కేక పెట్టాడు అబూ తలాల్. ఇక్కడి బాధ్యతంతా నీదే అని అర్థం వచ్చే మాట అది. "నువ్వు చాయ్ పోస్తుంటే అక్కడ అది ఎటు పోతోంది?"

సంజీవమ్మ ఉలిక్కిపడి, వెనక్కి పరుగెత్తి మీట పట్టుకుంది. బుజ్జోడు బుద్ధిగా రెండో వరసలో ఉన్నాడు.

మామా లేచింది. ఫ్లాస్కు దగ్గరికి వెళ్ళింది. దాని మూత ఎటు తిప్పాలో, మీట ఎక్కడ నొక్కాలో ఆవిడకు తెలిస్తే కదా! ఇన్నేళ్ళలో ఆవిడ చేతికి నిండిన గ్లాసు రావడమే తప్ప, ఆవిడ నింపిన గ్లాసు ఎవరూ చూడలేదు. ముందు మూత ఊడదీసింది. తర్వాత ఎక్కడో నొక్కితే చాయ్ చిమ్మి వేసుకున్న నల్ల అబాయా మీద పడింది. గ్లాసు నిండింది, పొంగింది, ట్రే నిండింది. చక్కెర వేసింది, ఎంత వేయాలో తెలియక ఇంకా వేసింది. చివరికి కారుతున్న గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఎండలోకి నడిచి వచ్చి, సంజీవమ్మ ముందు చాపింది.

"తాగు," అంది. చూపు పక్కకు తిప్పుకుని.

సంజీవమ్మ ఒక చేత్తో బుజ్జోడిని నడుపుతూనే, ఇంకో చేత్తో గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది. పాకం. చాయ్ రుచి ఎక్కడా లేదు. బతుకులో అంత చెడ్డ చాయ్ తాగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడుగున కరగని చక్కెరతో సహా గ్లాసు ఖాళీ చేసి, మామా చేతికే ఇచ్చింది.

"ఇంకొంచెం పొయ్యి, మామా" అంది.